రెండు పొరల బొచ్చున్న కుక్కకి ఏ దువ్వెన, ఏ బ్రష్? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో రెండు కుక్కలు. జున్ను తెల్ల స్పిట్జ్, దానికి తొమ్మిదేళ్లు. భీముడు జర్మన్ షెపర్డ్, వాడికి నాలుగు. బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపున్న మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు ఈ దట్టమైన బొచ్చు కుక్కలు చాలా కనిపిస్తున్నాయి. పెంచుతున్నారు, ప్రేమగా చూసుకుంటున్నారు, కానీ దువ్వే దగ్గరికి వచ్చేసరికి చేతికి ఏది దొరికితే అది వాడేస్తున్నారు. నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలకి జవాబులు ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

మా కుక్కది రెండు పొరల బొచ్చో కాదో ఎలా తెలుస్తుంది?

మెడ వెనకో వీపు మీదో బొచ్చుని రెండు బొటనవేళ్లతో పాయ తీసి చూడండి. పైన కాస్త గరుకుగా, పొడుగ్గా ఉన్న వెంట్రుకలు ఉంటాయి. వాటి కింద చర్మాన్ని అంటుకుని దూదిలాంటి మెత్తని పొర ఇంకొకటి కనిపిస్తే అది రెండు పొరల బొచ్చే. పైదాన్ని పైబొచ్చు అని, కిందిదాన్ని లోబొచ్చు అని పిలుచుకుందాం. వాననీ ఎండనీ దుమ్మునీ పైబొచ్చు అడ్డుకుంటుంది. బయటి చలి, వేడి నేరుగా ఒంటికి తగలకుండా లోబొచ్చు కాస్తుంది. ఇల్లంతా గుట్టలుగా రాలేది ఎక్కువగా ఈ లోబొచ్చే.

జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, స్పిట్జ్, పొమేరియన్ అన్నీ ఈ కోవకే చెందుతాయి. లాబ్రడార్ కూడా. బొచ్చు పొట్టిగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు, కానీ లాబ్రడార్‌కి లోబొచ్చు బాగా దట్టం. పూడిల్ లాంటివాటి సంగతి వేరు. ఈ పేజీ వాటికి పనికిరాదు.

ఇంకో మాట. మన దగ్గర తెల్లగా, బొచ్చుగా ఉన్న ప్రతి చిన్న కుక్కనీ పొమేరియన్ అనేస్తారు. వాటిలో చాలా మటుకు ఇండియన్ స్పిట్జ్‌లు. దువ్వెన ఎంచుకునే విషయంలో మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?

స్టీలు దువ్వెన. పళ్లు సగం ఎడంగా, సగం దగ్గరగా ఉండే రకం, సుమారు 7 అంగుళాల పొడవుది. బ్రష్ కొనకుండా దువ్వెన కొనమంటావేమిటని అందరూ ఆశ్చర్యపోతారు. బ్రష్ పైపైన తిరిగి బొచ్చుని నునుపుగా, మెరుస్తూ కనిపించేలా చేస్తుంది. కింద లోబొచ్చు అట్టకట్టి ఉన్నా మనకి తెలియనివ్వదు. దువ్వెన అలా కాదు. చర్మం దాకా దిగితే దిగుతుంది, లేకపోతే ఆగిపోతుంది. ఆగిన చోట చిక్కు ఉందన్నమాట.

నేను ఎవరింటికి వెళ్లినా కుక్కని ముందు చెవుల వెనక, తర్వాత ముందు కాళ్ల చంకల్లో, ఆఖర్న తొడల వెనక కుచ్చులా ఉన్న బొచ్చులో దువ్వి చూస్తాను. ఈ మూడు చోట్లా ఎడం పళ్లు మొదలు నుంచి చివర దాకా ఆగకుండా జారితే ఆ కుక్కని బాగా చూసుకుంటున్నట్టే. మిగతా పనిముట్లన్నీ ఈ దువ్వెన ఆగకుండా దిగడం కోసమే.

కొనేటప్పుడు పళ్ల చివరల మీద వేలు పెట్టి చూడండి. మొనదేలి ఉండకూడదు, గుండ్రంగా ఉండాలి. పళ్లని పక్కకి వంచితే వంగకూడదు. అల్యూమినియం రేకులాంటి తేలిక దువ్వెనలు జర్మన్ షెపర్డ్ మెడ దగ్గరే వంకరపోతాయి.

రెండోది?

లోబొచ్చు రేక్. చెత్త లాగే దంతెకి చిన్న రూపంలా ఉంటుంది: పిడి, దానికి అడ్డంగా ఒకటో రెండో వరసల పళ్లు. ఊడిపోయి లోపలే ఇరుక్కున్న బొచ్చుని ఇది పైకి లాగుతుంది.

ఇందులో చూడాల్సింది పళ్ల పొడవు. మీ కుక్క బొచ్చు ఎంత లోతు ఉందో పళ్లు అంతకి సరిపోవాలి. లాబ్రడార్‌కి అర అంగుళం చాలు. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్‌లకి ముప్పావు నుంచి అంగుళం దాకా ఉండాలి. హస్కీకీ, బాగా ఒత్తుగా ఉన్న స్పిట్జ్ మెడకీ అంతకంటే కొంచెం పొడవైనా పరవాలేదు. పళ్లు పొట్టివైతే పైపొరలోనే తిరిగి వచ్చేస్తాయి, మనం పని అయిపోయిందనుకుంటాం. మరీ పొడవైతే బొచ్చు పల్చగా ఉన్న పొట్ట, పక్కల దగ్గర చర్మాన్ని గీకుతాయి. పళ్లు వాటంతటవే తిరిగే రకం దొరికితే తీసుకోండి, చిన్న చిక్కు తగిలినప్పుడు కుక్కకి లాగినట్టు ఉండదు.

రేక్‌ని నొక్కి వాడకూడదు, దాని బరువే చాలు.

స్లికర్ బ్రష్ అవసరమా?

అవసరమే, కానీ మూడో స్థానంలో. సన్నని, కొన వంగిన తీగలు రబ్బరు మెత్త మీద గుచ్చినట్టు ఉండే బ్రష్ ఇది. రేక్ వదిలేసిన బొచ్చునీ, కాళ్ల కుచ్చుల్లోని చిన్న చిక్కుల్నీ తీస్తుంది. కొనేముందు మీ ముంజేతి లోపలి వైపు రెండుసార్లు నెమ్మదిగా దువ్వుకుని చూడండి. మీకు గుచ్చుకుంటే కుక్కకీ గుచ్చుకుంటుంది. ఒకే చోట పదిసార్లు దువ్వితే చర్మం కమిలి ఎర్రబడుతుంది. స్పిట్జ్, పొమేరియన్‌ల చర్మం మరీ సున్నితం. వాటికి మెత్తని తీగలది తీసుకోండి.

వీడియోల్లో చూపించే ఆ బ్లేడు పరికరం? ఒక్క గీతకి ఇంత బొచ్చు వస్తోంది కదా!

ఫర్మినేటర్ అనే పేరుతోనూ, దాన్ని చూసి చేసిన వేరే పేర్లతోనూ అమ్మేది అదే. లాబ్రడార్ లాంటి పొట్టి బొచ్చుకి బాగానే పనిచేస్తుంది. అయితే దాని పళ్ల దగ్గర ఉన్న అంచు, ఎక్కువగా వాడితే, పైబొచ్చుని కూడా తెంచేస్తుంది. గుట్టగా వచ్చిన బొచ్చు చూసి సంతోషపడతాం, అందులో ఊడిన లోబొచ్చు ఎంత, తెగిన పైబొచ్చు ఎంత అని చూడం. ఆ ముద్దని విప్పి చూడండి. దూదితో పాటు పొడుగాటి గరుకు వెంట్రుకలు ఎక్కువ కనిపిస్తే వెంటనే ఆపేయండి.

నా మట్టుకు నేను జున్ను మీద దాన్ని అసలు వాడను. భీముడికి బొచ్చు విపరీతంగా రాలే వారాల్లో, వారానికి ఒకసారి, పది నిమిషాలకి మించకుండా వాడతాను. చిక్కున్న చోట, ఎముక పైకి కనిపించే చోట అస్సలు వద్దు.

మన పర్లాకిమిడి కొమ్ము దువ్వెన ఉండగా స్టీలుది ఎందుకు?

ఈ ప్రశ్న మా వీధిలోనే ఒక పెద్దాయన అడిగారు. నాకు నచ్చిన ప్రశ్న. మా ఊరి కొమ్ము పనికి ఎప్పటినుంచో పేరుంది. కొమ్ముతో చేసిన దువ్వెన నున్నగా ఉంటుంది, ప్లాస్టిక్ దువ్వెనలా వెంట్రుకల్ని చిటపటలాడించదు. కుక్కపిల్లలకి మొదటి రోజుల్లో, ముఖం చుట్టూ, పెద్ద కుక్కకి పని అంతా అయ్యాక పైపైన సర్దడానికి నేను దాన్నే వాడతాను. కానీ లోబొచ్చులోకి దింపితే పళ్లు విరుగుతాయి. కొమ్ముని సన్నటి పళ్లుగా కోస్తే దానికి అంత బలం ఉండదు. నా దగ్గర రెండు అలాగే విరిగాయి. విరిగిన పన్ను అంచు చర్మాన్ని కోస్తుంది.

పేల దువ్వెన?

ఒళ్లంతటికీ వద్దు, దిగదు. కళ్ల కింద ఎండిన పుసి తీయడానికి, ఈగపేల కోసం తోక మొదట్లో వెతకడానికి పనికొస్తుంది.

ఎండాకాలం కదా, మెషిన్ పెట్టి బొచ్చంతా తీయించేస్తే హాయిగా ఉండదా?

వద్దు. దయచేసి వద్దు. నేను ఇక్కడ రాసిన వాటన్నిటిలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

జున్నుకి మూడేళ్లప్పుడు మే నెలలో అది రొప్పుతుంటే చూడలేక ఒక ఊళ్లో గ్రూమింగ్ షాపుకి తీసుకెళ్లాను. ఎండాకాలం కటింగ్ అన్నారు, సరేనన్నాను. ఇంటికి తెచ్చేసరికి గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది. మర్నాడు పదింటికి ఎండలో పెరట్లోకి వెళ్లొచ్చిందో లేదో వీపు ఎర్రబడింది. రొప్పడం ఏమాత్రం తగ్గలేదు. వానలు మొదలయ్యాక బొచ్చు మళ్లీ వచ్చింది కానీ ముందు దూది వచ్చింది, పైబొచ్చు రాలేదు. నడుము మీద రెండు అరచేతుల వెడల్పున ఏడాది పైనే పలచగా ఉండిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

జరిగేది ఇది. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల దగ్గర కొంచెం పడుతుంది, అంతే. ఒంట్లో వేడిని అది ముఖ్యంగా రొప్పడం ద్వారానే బయటికి పంపుతుంది. బొచ్చు తీసేస్తే రొప్పే పని తగ్గదు, ఎండకి అడ్డుగా ఉన్న పొర మాత్రం పోతుంది. స్పిట్జ్, పొమేరియన్, హస్కీ జాతుల్లో గొరిగిన బొచ్చు సరిగా తిరిగి రాకపోవడం పశువైద్యులకి బాగా తెలిసిన సమస్య. కొన్నిటికి నెలల్లో వస్తుంది, కొన్నిటికి ఏడాది దాటుతుంది.

ఎండాకాలం చేయాల్సింది ఊడిన లోబొచ్చుని రేక్‌తో తీసేయడం. అప్పుడు వెంట్రుకల మధ్య గాలి ఆడుతుంది. నీడ, చల్లని గచ్చు, ఫ్యాను, ఎప్పుడూ నిండా నీళ్లు, నడక తెల్లవారుజామునే. కుక్క ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ. మామూలుగా కుక్క ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. 40 దాటిందంటే మామూలు నీళ్లతో ఒళ్లు తడుపుతూ, ఫ్యాను వేసి, ఆస్పత్రికి బయల్దేరాలి.

పాదాల వేళ్ల మధ్య, మలద్వారం చుట్టూ బొచ్చు కత్తిరించుకోవచ్చు. ఆపరేషన్‌కో చర్మవ్యాధికో డాక్టరు తీయమంటే తీయాల్సిందే.

దువ్వే పద్ధతి ఏమిటి? మేం రోజూ దువ్వుతున్నా చిక్కులే.

పైనుంచి కిందికి చేయి ఆడించి వదిలేస్తున్నారేమో. వరస తీసి దువ్వాలి. నేను ఎలా చేస్తానో చెప్తాను. పొద్దున్నే అరుగు మీద పాత గోనెసంచి పరిచి జున్నుని పక్కకి తిప్పి పడుకోబెడతాను. ఎడమ అరచేతితో బొచ్చునంతా పైకి ఎత్తి పట్టుకుంటే కింద చర్మం గీతలా తెల్లగా కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నుంచి ఒక వేలు మందం పాయని వదిలి, దాన్ని కిందికి దువ్వుతాను. తర్వాత ఇంకో వేలు మందం. వరి నాటులా వరస వెంట వరస. మొదట రేక్, తర్వాత స్లికర్, చివర్న దువ్వెన. దువ్వెన ఆగకుండా జారితేనే పై వరసకి వెళ్తాను. చెవి వెనక చేరేసరికి సన్నగా చిటుక్కుమని ఆగుతుంది. వేలితో తడిమితే చింతగింజంత ముడి. అక్కడే దాన్ని విడదీసి ముందుకు వెళ్తాను.

బొచ్చు మరీ పొడిగా ఉన్నప్పుడు దువ్వితే వెంట్రుకలు తెగుతాయి. స్ప్రే సీసాలో మంచినీళ్లు పోసి పలచగా, చెమ్మ తగిలేంత మాత్రమే కొట్టండి. కొరాపుట్ వైపు డిసెంబరు, జనవరి గాలికి ఇది మరీ అవసరం.

వారానికి రెండుసార్లు ఇలా చేస్తే స్పిట్జ్‌కి చాలు. లాబ్రడార్‌కి ఒకసారి చాలు. బొచ్చు మార్చే రోజుల్లో రోజూ చేయాలి.

చిక్కు పూర్తిగా జడకట్టేసింది. కత్తెరతో తీసేయొచ్చా?

కత్తెర పెట్టేముందు ఆగండి. అట్టకట్టిన బొచ్చు చర్మాన్ని తనతో పాటు పైకి లాగి పట్టుకుంటుంది. బొచ్చనుకుని కోస్తే చర్మం తెగుతుంది. ఇలాంటి గాయాలు నేను చూశాను.

ముడి మీద కొంచెం కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో నలపండి. పొడి పట్టాక ముడి కాస్త సడలుతుంది. మొదలు దగ్గర బొచ్చుని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుంటే కుక్కకి లాగినట్టు తెలియదు. కొస నుంచి దువ్వెన మూలతో కొద్దికొద్దిగా విప్పుతూ మొదలు వైపు రండి. ఎంతకీ రాకపోతే చర్మానికీ ముడికీ మధ్య దువ్వెన దూర్చి, దువ్వెనకి పై వైపున మాత్రమే కత్తిరించండి. ఒంటి మీద పెద్ద పెద్ద అట్టలుంటే ఇంట్లో కుస్తీ పడొద్దు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చిక్కు ఉండగా స్నానం చేయించకండి. తడిసి ఆరితే ముడి ఇంకా బిగుసుకుపోతుంది.

వానాకాలంలో స్నానం చేయిస్తే రెండు రోజులు వాసనే. బ్లోయర్ కొనాలా?

బరంపురం వైపు తేమకి ఇది పెద్ద సమస్య. పైన ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది. వేళ్లు లోపలికి పోనిచ్చి చూస్తే లోబొచ్చు చల్లగా, చెమ్మగా తగులుతుంది. ఆ తడి అలాగే ఉండి కుక్క గీరుకుంటే, నాకుకుంటే, ఒక్క రోజులోనే చర్మం మీద ఎర్రని తడి పుండు తయారవుతుంది. హాట్‌స్పాట్ అంటారు. చూస్తుండగానే పెరుగుతుంది.

రెండు పొరల కుక్క ఉండి, వానలు ఎక్కువ పడే చోట ఉంటే పెట్ బ్లోయర్ పెట్టుబడికి తగినదే. అది వేడితో కాదు, గాలి వేగంతో నీటిని, ఊడిన బొచ్చుని తోసేస్తుంది. మనుషుల హెయిర్ డ్రయ్యర్ వాడేటట్టయితే చల్లగాలి మీదే పెట్టండి, వేడిగాలి చర్మాన్ని కాలుస్తుంది. ఏదీ లేకపోతే రెండు పొడి తువాళ్లతో అద్ది (రుద్దొద్దు, రుద్దితే చిక్కు పడుతుంది), ఫ్యాను కింద కూర్చోబెట్టి వరసలు తీస్తూ ఆరబెట్టండి. ఓపిక కావాలి, గంట పట్టినా పడుతుంది.

స్నానం నెలకోసారి చాలు. షాంపూ కుక్కలదే వాడండి, మనుషుల షాంపూ వాటి చర్మానికి పడదు.

కొబ్బరినూనె రాస్తే బొచ్చు నిగనిగలాడుతుందని మా అమ్మమ్మ అంటుంది.

మన తలకి రాసే అలవాటే అది. కుక్క ఒంటి మీద మాత్రం నూనె దుమ్ముని పట్టుకుంటుంది, లోబొచ్చుని ముద్ద చేస్తుంది, నాకితే విరేచనాలు కావచ్చు. అరికాళ్లు పగిలితే అక్కడ ఒక చుక్క రాయండి, అంతవరకే.

దువ్వుతుంటే గోమార్లు కనిపిస్తున్నాయి.

దువ్వడం వల్ల వచ్చిన పెద్ద లాభం అదే, కనిపించాయి. చెవుల లోపలి మడతలు, మెడ కింద, వేళ్ల సందులు చూడండి. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. వేళ్లతో నలపకూడదు. కిరోసిన్ పోయకూడదు, అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే విషం. పశువులకి వాడే గోమారు మందు అంచనాగా కలిపి పూయడం కూడా మన పల్లెల్లో ఉంది. కుక్కలు దాన్ని నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. గోమార్ల వల్ల రక్తానికి సోకే జ్వరాలున్నాయి. కుక్క తిండి మానేసి, నీరసంగా, చిగుళ్లు పాలిపోయి ఉంటే దువ్వెన పక్కన పెట్టి రక్తపరీక్షకి వెళ్లండి.

ఇక్కడ షాపుల్లో దొరుకుతాయా?

చిన్న ఊళ్లల్లో తక్కువ. ఒడియా షాపులో పానియా అని అడిగితే మనుషుల దువ్వెన తీసి చూపిస్తారు. కుక్కకి అని, కుకుర అని ముందే చెప్పి, ఫోనులో ఫొటో చూపించడం మేలు. బరంపురంలోనో విశాఖలోనో చేత్తో పట్టుకుని చూసి కొంటే మంచిది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పళ్ల పొడవు ఎంతో రాసి ఉన్నదే ఎంచుకోండి. వచ్చిన రోజే పళ్ల కొనలు తడిమి చూసి, గరుకుగా ఉంటే తిప్పి పంపేయండి. అయిదారు పనిముట్లు కలిపి సెట్టుగా అమ్మేవాటి మీద నాకు నమ్మకం లేదు. వాటిలో పనికొచ్చేది ఒకటో రెండో ఉంటాయి.

మా కుక్క బ్రష్ చూడగానే మంచం కిందికి దూరుతుంది.

ఇదివరకు ఎప్పుడో నొప్పి తగిలి ఉంటుంది. వారం రోజులు దువ్వడం మానేసి, రోజూ బ్రష్ నేల మీద పెట్టి దాని పక్కన ఉడికిన గుడ్డు ముక్క పెట్టండి. తర్వాత వీపు మీద రెండు గీతలు, ఇంకో ముక్క. నిమిషంతో మొదలుపెట్టి పెంచండి. కుక్కపిల్లని తెచ్చుకున్న ఇల్లయితే మొదటి వారం నుంచే మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాలు అలవాటు చేయండి. పెద్ద బొచ్చు వచ్చే ఆరేడు నెలలకల్లా అది మీ చేతికి అలవాటుపడి ఉంటుంది.

బొచ్చు రాలడం ఎప్పుడు జబ్బు?

ఒళ్లంతా సమానంగా దూది రాలితే అది మామూలే. ఏడాదికి రెండుసార్లు ఎక్కువగా రాలుతుంది. మన వేడి ప్రాంతాల్లో, ఇంట్లోనే ఉండే కుక్కలకి కొంచెం కొంచెంగా ఏడాదంతా రాలుతుంది. గుండ్రంగా మచ్చల్లా ఊడినా, చర్మం నల్లబడి దళసరి అయినా, రెండు పక్కలా ఒకేలా పలచబడి కుక్క మందకొడిగా, లావుగా అవుతున్నా, రాత్రిళ్లు నిద్ర లేకుండా గీరుకుంటున్నా డాక్టరుకి చూపించాలి. గుండ్రని మచ్చలు తామర కావచ్చు. అది ఇంట్లో పిల్లలకీ అంటుతుంది.

పనిముట్లు ఎలా శుభ్రం చేయాలి? తీసిన బొచ్చు ఏం చేయాలి?

దువ్విన ప్రతిసారీ బొచ్చు తీసేసి, వారానికోసారి సబ్బునీళ్లలో కడిగి ఎండలో ఆరబెట్టండి. స్లికర్ రబ్బరు మెత్తలో నీళ్లు నిలిస్తే తీగలు తుప్పు పడతాయి, అందుకని తీగలు కిందికి ఉండేలా బోర్లించి ఆరనివ్వండి. వానాకాలంలో స్టీలు దువ్వెనని పొడి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. చర్మవ్యాధి ఉన్న కుక్కకి వాడింది ఇంకో కుక్కకి వాడొద్దు.

బొచ్చుని తూములో వేయకండి, రెండు నెలల్లో పూడిపోతుంది. పిట్టలు గూళ్లకి తీసుకెళ్తాయని పెరట్లో వదిలే అలవాటు నాకూ ఉండేది. కానీ కుక్క ఒంటికి గోమారు మందు వేసి ఉంటే ఆ మందు బొచ్చుతో పాటు గూట్లో పిల్లల దాకా వెళ్తుంది. భీముడికి మందు వేసిన నెలల్లో వాడి బొచ్చంతా కవర్లో మూటకట్టి చెత్తబండిలోనే వేస్తున్నాను.